అందరికీ అల్లుడుగారు

మా ల్యాబులో ఉన్న నాలుగు కంప్యూటర్లకు ఏ జబ్బు చేసినా వచ్చి చూసే మనిషిని అందరం అల్లుడుగారు అనే పిలిచేవాళ్ళం. నిజానికి అతను అల్లుడు ఒక్కరికే. నా పక్క కుర్చీలో కూర్చుని రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసే మామగారికి. మామగారు అల్లుడి పేరు ఎప్పుడూ నోట పలికేవారు కాదు. "అల్లుడుగారికి ఫోన్ చేయమంటారా?" "అల్లుడుగారు దార్లో ఉన్నారట." రోజుకు పదిసార్లు ఇదే వింటుంటే ఎవరికైనా అలవాటవుతుంది. ఆఖరికి అతనికంటే పదేళ్ళు పెద్దవాడైన మా మేనేజరు కూడా "ఏమయ్యా అల్లుడుగారూ" అనేవాడు.

అల్లుడుగారికి నలభై ఏళ్ళుంటాయి. మడత నలగని చొక్కా, మెడలో వేలాడే పెన్‌డ్రైవ్, ముక్కు మీద కోపం. పని రాదని నేననను, వచ్చు. కాని పని చేయడం కంటే, చేశాడని నలుగురి చేతా అనిపించుకోవడం అతనికి ఎక్కువ ఇష్టం. వచ్చీ రాగానే కుర్చీ తుడవాలి, ఫ్యాను అతని వైపు తిప్పాలి, కాఫీ తెప్పించాలి. ఇవన్నీ మామగారే చేసేవారు. అరవై మూడేళ్ళ మనిషి చేతిరుమాలుతో అల్లుడి కుర్చీ తుడుస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీరు తుడవడమేంటండీ? ఆయనకి చేతుల్లేవా?"

"ఊరుకో అమ్మాయ్. ఆయన మొహం బాగుంటేనే మా అమ్మాయి మొహం బాగుంటుంది," అన్నారు.

భార్య పోయాక ఆయన ఉంటున్నది కూతురింట్లోనే. జీతం రాగానే మొత్తం కూతురి చేతిలో పెట్టేవారు. "అల్లుడింట్లో కూర్చుని తింటున్నాడన్న మాట నేను పడకూడదు. టైపు చేసినన్నాళ్ళూ నా కంచంలో అన్నం నాది," అనేవారు. ఆయనకు ఈ ఉద్యోగం అంటే అంతే, ఆ కంచం ముందు తలెత్తుకుని కూర్చోవడం.

మూడేళ్ళ కిందట ఒకరోజు మామగారు నలభై రిపోర్టులు టైపు చేసి, సేవ్ చేయకుండానే చేతులు కడుక్కోవడానికి లేచారు. ఈలోగా కంప్యూటరు అప్‌డేట్ అంటూ దానంతట అదే ఆగి, మళ్ళీ మొదలైంది. నలభై రిపోర్టులూ పోయాయి. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కబురందుకుని అల్లుడుగారు వచ్చాడు. ఏవో రెండు మూడు చోట్ల నొక్కి, అప్‌డేట్లు మొత్తం ఆపేసి, చేతులు దులుపుకుని లేచాడు.

"ఇక జన్మలో మీ జోలికి రాదు మామయ్యగారూ," అన్నాడు.

మామగారు ఆ ఘనకార్యాన్ని మూడు రోజులు చెప్పుకున్నారు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పారు. ఆ తర్వాత ఒక కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు, వరుస ప్రకారం అది ఆయనకే రావాలి. "నాది అల్లుడుగారు సెట్ చేసిచ్చారు, నాకదే బాగుంది. అమ్మాయికివ్వండి," అని నాకు ఇప్పించారు.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం దిగింది. ఏ కంప్యూటర్లోనూ అప్‌డేట్లు ఆపకూడదు, మూడు నెలలకోసారి అన్నీ చూసి సంతకం పెట్టాలి అని. అల్లుడుగారు మూడు నెలలకోసారి వచ్చి, మామగారి కంప్యూటరు వైపు తల కూడా తిప్పకుండా, అన్నీ సక్రమంగా ఉన్నాయని సంతకం గీకి పోయేవాడు. తిరిగి ఆన్ చేస్తే జన్మలో రాదన్న మాట పోతుంది కదా. మాట కోసం ప్రాణమిచ్చేవాళ్ళ గురించి విన్నాను. ఇతను వేరేవాళ్ళ ప్రాణం ఇచ్చే రకం.

పోయిన నెలలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రతి టైపిస్టూ దాన్ని తన కంప్యూటర్లో ఎక్కించుకుని, శనివారం సాయంత్రం ఐదులోగా పది నమూనా రిపోర్టులు పంపాలి. ఒక కంప్యూటరు నుంచి ఒకరి పేరు మీదే వెళ్తాయి. పంపనివాళ్ళు సోమవారం నుంచి రానక్కర్లేదు. హెడ్డాఫీసుకు టైపిస్టులు ఎక్కువయ్యారు, వంక కోసం చూస్తోందని అందరికీ తెలుసు.

నా కంప్యూటర్లో మంగళవారం పావుగంటలో ఎక్కింది. మామగారిది ఎనభై శాతం దాకా పోయి, ఆగి, మొదటికొచ్చింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అంతే. బుధవారం అల్లుడుగారు వచ్చి కూర్చున్నాడో లేదో, మేనేజరు పక్కనుంచి పోతూ, "హెడ్డాఫీసు వాళ్ళైతే ఫోన్లోనే చేసేసేవాళ్ళయ్యా," అని నవ్వాడు. అంతే. అల్లుడుగారికి చుర్రుమంది. బుంగమూతి పెట్టుకుని, కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. గురువారం, శుక్రవారం మామగారు ఇంట్లో బతిమాలుతూనే ఉన్నారు. ఆయనకు మిగిలినవే నాలుగు రోజులు, అందులో రెండు అలక తీర్చడానికే పోయాయి.

శనివారం పదకొండింటికి దయ కలిగింది. అల్లుడుగారు వచ్చాడు. మామగారు కుర్చీ తుడిచారు, ఫ్యాను తిప్పారు, వెనకాల నిలబడ్డారు. మొదటిసారి ఎనభై దగ్గర ఆగగానే అతను ఇంకేదో తెరిచి చూశాడు. అక్కడ కారణం స్పష్టంగా రాసి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఇంకో చిన్న భాగం కావాలి, అది అప్‌డేట్ల దారినే రావాలి, ఈ కంప్యూటర్లో ఆ దారి మూసేసి ఉంది. పక్క కుర్చీలోంచి నేను చదివాను. అతను చప్పున మూసేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమైంది అల్లుడుగారూ?"

"మీరు కాస్త అవతల కూర్చోండి. వెనక నిలబడితే నాకు పని సాగదు."

ఆ తర్వాత అతను చేసినవన్నీ చేస్తూ కనిపించడానికే. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. చెత్త ఫైళ్ళు తీసేశాడు. యాంటీవైరస్ ఆపాడు. పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త కాపీ వేశాడు. కాలు విరిగిందని తెలిసి కూడా తలనొప్పి మాత్రలు ఇస్తున్నట్టుంది. ఒక్క నొక్కు నొక్కితే ఆ దారి తెరుచుకుంటుంది. కాని తెరిస్తే మూడేళ్ళ అప్‌డేట్లు తేదీలతో సహా బారులు తీరతాయి. అవి దిగడానికి ఒక రోజు పడుతుంది. బుధవారమే చేసి ఉంటే గురువారానికి పని అయిపోయేది. ఇప్పుడు తెరిస్తే పని కాదు సరికదా, మూడేళ్ళుగా పెట్టిన దొంగ సంతకాలు బయటపడతాయి.

నాలుగుంబావుకి మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"ఏంటయ్యా తేడా?"

అల్లుడుగారు పెన్‌డ్రైవ్ ఊడదీశాడు. తర్వాత మామగారి వైపు చూడకుండా అన్నాడు. "ఎవరో అప్‌డేట్లు ఆఫ్ చేశారు సార్. మామయ్యగారే ఏదో నొక్కేసి ఉంటారు."

మేనేజరు మామగారి వైపు తిరిగాడు. "మీరు ఆఫ్ చేశారా?"

మామగారు అల్లుడి వైపు చూశారు. అతను పెన్‌డ్రైవ్‌ను మెడలో తగిలించుకుంటున్నాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో నాకు గుర్తుంది, ఫ్యాను మా అందరి మీదా ఒకసారి తిరిగి వచ్చేంత.

"అవునండీ. నేనే నొక్కి ఉంటాను," అన్నారు.

అంతటితో ఊరుకుంటే అతను అల్లుడుగారు ఎందుకవుతాడు? భయం తీరేసరికి హుషారు వచ్చింది. "ఉంటాను కాదు, నొక్కారు. ఇంట్లో టీవీ రిమోటు ఇచ్చినా ఇంతే సార్. చివరికి నేనే బాగుచేసుకోవాలి."

మేనేజరు నవ్వాడు. రక్తం తీసే అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.

"హెడ్డాఫీసు రూలు మీకు తెలుసు కదండీ. మీరే ఒప్పుకున్నాక ఇక నేను చేయగలిగేదేం లేదు," అన్నాడు మేనేజరు. మామగారు తలూపారు. సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె, దువ్వెన తీసుకున్నారు. అల్లుడుగారు స్కూటరు మీద ముందే వెళ్ళిపోయాడు. ఆయన నడిచి వెళ్ళారు.

ఆదివారం అల్లుడుగారు ఎవరూ లేని ఆఫీసుకు వచ్చి, తాళం తీయించుకుని, అప్‌డేట్లన్నీ దింపాడు. సోమవారం ఆ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మొదటిసారికే ఎక్కింది. అదే రోజు మేనేజరు నన్ను పిలిచి, ఇకమీదట మామగారి స్థానంలో సీనియర్ టైపిస్టువి నువ్వే అన్నాడు. పన్నెండేళ్ళుగా ఎదురు చూసిన మాట. అన్యాయమని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇంటికి స్వీటు కొనుక్కెళ్ళాను.

రెండు వారాల తర్వాత మామగారి కూతురు నాకు ఫోన్ చేసింది. ఆమె పెళ్ళిలో ఒక్కసారి చూశాను ఆమెని. గొంతు చాలా తగ్గించి మాట్లాడింది.

"అక్కా, మిమ్మల్ని ఒకటి అడగాలి. నాన్న ఇంట్లో ఏం ముట్టుకున్నా ఈయన 'నొక్కేస్తారు జాగ్రత్త' అంటున్నారు. వచ్చినవాళ్ళందరి ముందూ అదే జోకు. నేనూ విసుక్కున్నాను. 'తెలియకపోతే ఆయన్ని అడగొచ్చు కదా నాన్నా' అని అరిచాను. ఇప్పుడు నాన్న సరిగ్గా తినట్లేదు. వడ్డిస్తే చాలు చాలంటారు."

నేను కీబోర్డు మీంచి చెయ్యి తీశాను.

"నిన్న ఈయన లేనప్పుడు ఒక్క మాటన్నారు, 'నేను నొక్కలేదమ్మా' అని. అంతే, మళ్ళీ నోరు విప్పలేదు. నాన్న అబద్ధం చెప్పరక్కా. మీరు పక్కనే ఉన్నారు కదా. నాన్న నొక్కలేదని మీరు ఒక్క మాట చెప్తే చాలు, రేపే వచ్చి మీ మేనేజరు కాళ్ళు పట్టుకుంటాను. ఈయన ఏమన్నా సరే, పడతాను."

నిజం చెప్తే ఏం జరుగుతుందో నాకు క్షణంలో అర్థమైంది. ఆమె వస్తుంది. పాత సంతకాలు తీస్తారు. అల్లుడుగారి పని పోతుంది. మామగారు వచ్చి మళ్ళీ నా పక్కన కూర్చుంటారు. సీనియర్ ఆయనే అవుతారు. హెడ్డాఫీసుకు ఎలాగూ ఒక టైపిస్టు ఎక్కువ.

"లేదమ్మా," అన్నాను. "ఆయనే నొక్కారు. నా కళ్ళతో చూశాను. పెద్దాయన కదా, గుర్తుండి ఉండదు."



"అలాగా అక్కా. అడగడమే మంచిదైంది. ఇంకెప్పుడూ నా దగ్గర అబద్ధాలు చెప్పొద్దని నాన్నకి గట్టిగానే చెప్తాను," అని ఫోన్ పెట్టేసింది.

ఆ పూట ముప్పై ఒక్క రిపోర్టులు టైపు చేశాను. ఒక్కదాంట్లోనూ తప్పు రాలేదు.