నేలకి బదులు కప్పు

మా ఆయన మ్యాపుల ఆఫీసులో పని చేసేవారు. వరదొస్తే జనం ఎక్కడికి పోవాలో చెప్పే మ్యాపులు. జనం చేరాల్సిన చోటుకి గుర్తుగా మ్యాపు మీద చుక్క పెడితే, విమానంలోంచి కొలిచి తెచ్చిన లెక్కల్లోంచి ఆ చోటు ఎత్తెంతో కంప్యూటరే తీసి ఇస్తుందట.

"కప్పుల్నీ చెట్ల తలల్నీ కూడా నేలే అనుకుంటుంది, పిచ్చిది" అని నవ్వేవారు. అందుకే అనుమానం వచ్చిన చోటికల్లా నేల ఎత్తు కొలిచే లెవెల్ యంత్రం, కొలకర్ర మోసుకుని వెళ్ళి చూసొచ్చేవారు. తోటివాళ్ళు 'కర్ర మాస్టారు' అని ఏడిపించేవారు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. "రేపటికి నాలుగొందల చుక్కలు కావాలి. నీ కర్రకి సెలవివ్వు" అన్నాడట పై అధికారి. వాగు పక్క బడి దగ్గరికి ఈయన వెళ్ళలేదు. చుక్కేమో సరిగ్గా బడి కప్పు మీద పడింది. కప్పు ఎత్తే నేల ఎత్తయి కూర్చుంది.

నీళ్ళొచ్చిన రోజు మా అక్కకి ఫోన్ చేసింది ఈయనే.

"వదినా, మొండికేయకండి. బడికి పదండి, అక్కడ ఎత్తు."

"మీ లెక్క కాదని నేనెక్కడికి పోతాను మరిదిగారూ!" అంది అక్క.

బడి కిటికీలు దాటి మునిగింది. కప్పుకి మెట్లు లేవు. అక్కతో కలిపి తొమ్మిది మంది పోయారు.

విచారణ పెట్టారు. అధికారి మా ఇంటికొచ్చి, "కంప్యూటర్ తప్పని రాసెయ్యవయ్యా, అందరం బయటపడతాం" అని చెప్పి పోయాడు. ఈయన నా వైపు తిరిగి, "ఏమంటావు?" అన్నారు.

"వెళ్ళి కొలిచుంటే తెలిసేదా?"

"తెలిసేది."

"అయితే అదే చెప్పండి."

అదే చెప్పారు. అధికారికి బదిలీ అయింది, ఈయనకి ఉద్యోగమే పోయింది. బావ మా గడప తొక్కడం మానేశాడు.

అప్పట్నుంచి అరువు యంత్రంతో మిగతా చుక్కలన్నీ కొలవడం మొదలుపెట్టారు. ఎండా వానా చూసుకోలేదు, దగ్గు పట్టించుకోలేదు. మూడొందల పదకొండు కొలిచాక మంచాన పడ్డారు, మళ్ళీ లేవలేదు. కొలిచినవాటిలో ఇంకో ఆరు చుక్కలు కప్పుల మీదే ఉన్నాయి.

ఆ ఆరూ రాసిన కాగితం పట్టుకుని నేనే ఆఫీసుకి వెళ్ళాను. "ఉద్యోగి సంతకం లేనిది తీసుకోమమ్మా" అన్నారు, కుర్చీ కూడా వేశారు పాపం. ఆరు చోట్లా 'ఇక్కడ భద్రం' అన్న బోర్డులు అలాగే ఉన్నాయి. పొద్దుట్నుంచీ మబ్బు పట్టింది. మొదటి చోటుకి బస్సెక్కాను, తలుపు తలుపుకీ చెప్పుకురావాలి.