రెండున్నర అడుగుల కిటికీ

పిల్లల డబ్బు గురించి నిలబడి మాట్లాడేవారితో పరపతి సంఘం కార్యదర్శిగారు మాట్లాడరు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. తక్కిన విషయాలలో ఆయన సామాన్యుడు. ఆ మాటకొస్తే కాస్త విసుగు పుట్టించే మనిషి కూడా. కానీ ఈ ఒక్క పిచ్చి కోసం సంఘం గోడకు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఒక కిటికీ కొట్టించి, దాని వెనక పీట వేసుకుని కూర్చున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల అక్కడ మోచేతులు ఆనించుకుని హాయిగా మాట్లాడవచ్చు. నిలబడ్డ పెద్దల్లో ఆయనకు కనిపించేది నడుము ఒక్కటే.

“నడుములతో నాకు పనిలేదు. గొంతుక్కూర్చోండి,” అనేవారు.

అలా ఆయనకు ‘గొంతుక్కూర్చోండిగారు’ అన్న పేరు స్థిరపడింది.

బడి హెడ్మాస్టరు కొత్త ప్యాంటుతో వచ్చి కొడుకు ఖాతా అడిగినప్పుడు కూర్చోక తప్పలేదు. వెనకనుంచి పర్రుమని శబ్దం వచ్చింది. కార్యదర్శి కనురెప్ప కూడా ఆడించకుండా, “పొదుపు సంగతి తరవాత చూద్దాం మాస్టారూ, ముందు దారం కొనండి,” అన్నారు. సంఘం అధ్యక్షులవారు మనవడి కోసం కూర్చోగలిగారు గానీ లేవలేకపోయారు. ఇద్దరు గుమాస్తాలు చెరో చెయ్యీ పట్టవలసి వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి, “ఇలాంటి కిటికీ ఏ నిబంధనలో ఉంది?” అని గద్దించాడు. “వద్దని ఏ నిబంధనలో ఉందో చూపండి. కూర్చుని చూపండి,” అన్నారు ఈయన.

పిల్లలను మాత్రం ‘సభ్యులుగారూ’ అని పిలిచేవారు. దాచినా తీసినా కాగితం వాళ్ళే రాయాలి. ‘దేనికోసం’ అన్న గడి వాళ్ళే నింపాలి. ఒక పిల్లవాడు అందులో ‘ఇంకా ఆలోచించలేదు’ అని రాస్తే, సంఘంలో ఇంతవరకూ వచ్చిన నిజాయితీగల జవాబు ఇదేనని దాచిపెట్టుకున్నారు.

అటువంటి కిటికీ ముందు ఒక మధ్యాహ్నం సైకిల్ మెకానిక్ నడుము ప్రత్యక్షమైంది.

మెకానిక్ పరిస్థితి ఏమీ బాగోలేదు. మూడు వారాల క్రితం ఎవరో తోపుడుబండిమీద చవగ్గా అమ్ముతుంటే నలభై ట్యూబులు కొన్నాడు. నలభైకి నలభై చిల్లులే. పంక్చర్లు వేసి బతికే మనిషి పంక్చర్లు కొనుక్కున్నాడన్న మాట భార్యతో ఎలా చెప్పాలో తెలియక మింగేశాడు. అద్దె నాలుగు వేలు బాకీ పడింది. సాయంత్రం ఆరింటికి కొట్టుకు తాళం వేస్తానని యజమాని కబురుపెట్టాడు. మిగిలింది కూతురి ఖాతా. మూడు పాత సైకిళ్ళ ముక్కలతో తండ్రి బిగించిన బండి తొక్కుతూ ఆ పిల్ల, ముక్కలన్నీ ఒక్క సైకిల్‌వే అయిన సైకిల్ కోసం, రెండేళ్ళుగా నాలుగు వేల ఆరువందలు కూడబెట్టింది.

“నేను గార్డియన్‌నండీ, సంతకం పెడతాను,” అన్నాడు గొంతుక్కూర్చుని.

“సభ్యురాలుగారు ఎక్కడ?”

“బడిలో ఉందండీ.”

“బడి వదిలేదాకా నేను ఎక్కడికీ పోను.”

‘ఈయనకు నా పరువు తియ్యడం సరదా కాబోలు’ అనుకుని, మెకానిక్ పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి, నాలుగింటికి కూతురితో వచ్చాడు. ఇద్దరూ కిటికీ ముందు చేరారు. తండ్రి మొహం పిల్ల మొహం ఎత్తుకు వచ్చింది. ఆ ఎత్తున అబద్ధమాడటం కష్టమని అతనికి అప్పుడే తెలిసింది.

“అమ్మలూ, ట్యూబులు కొన్నానే. అన్నీ చిల్లులు.”

“ఎన్ని?”

“నలభై.”

“గాలికొట్టి నీళ్ళలో ముంచి చూడలేదా? నాకు చెప్తావుగా!”

“చూడలేదు.”

“ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా.”

పిల్ల కార్యదర్శివైపు చూసింది. ఆయన దూలాలు లెక్కపెడుతున్నారు.

“ఇది అప్పా, ఊరికేనా?”

“అప్పే. నెలకు ఐదొందలు ఇచ్చేస్తాను.”

“అంటే ఎనిమిది నెలలు.” కాసేపు గోళ్ళు కొరికింది. “ఇవ్వనంటే?”

“కాదనే హక్కు మీకుంది సభ్యురాలుగారూ,” అన్నారు కార్యదర్శి. “తొందరేం లేదు.”

“ఇవ్వకపోతే కొట్టు పోతుంది,” అన్నాడు తండ్రి.

“మరి నా బండి ఎవరు బాగుచేస్తారు?” ఈ వాదన ఆమెకే నచ్చింది. “ఇస్తాను. కానీ అమ్మకు నువ్వే చెప్పాలి. నేను చెప్తే బాగోదు.”

మూడు వారాలుగా గుండెలమీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టయింది మెకానిక్‌కు. సరిగ్గా అప్పుడే పక్కన పెద్దలు నిలబడే కౌంటర్‌నుంచి క్యాషియర్ గొంతు హాలంతా మోగింది: “ఏమయ్యా, పాత వాయిదాలే కట్టలేదు, మళ్ళీ అప్పా?” ఆ అడిగించుకున్న పెద్దమనిషి చొక్కా గుండీలు సర్దుకుంటున్నాడు. బెంచీలమీదివాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. కింద కూర్చున్న తండ్రినీ కూతురినీ ఎవరూ చూడలేదు. చిల్లుల ట్యూబుల కథ ఆ గది మొత్తంలో వాళ్ళిద్దరికీ, కార్యదర్శికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

“ఇందుకేనా అండీ ఈ కిటికీ?” అన్నాడు మెకానిక్ మెల్లగా.

“పిల్లల ఎత్తుకు పెట్టించాను, అంతే. మీరు వంగితే మీ ఇష్టం,” అని కార్యదర్శి చిరాకుపడ్డారు. డబ్బు మాత్రం మెకానిక్ చేతికి కాక పిల్ల చేతికిచ్చి, రెండుసార్లు లెక్కపెట్టించారు. ఆయన మహానుభావుడని నేననను. మనిషి మర్యాద ఏ ఎత్తున దక్కుతుందో కొలిచి చూసినవాడు, అంతమాత్రం ఒప్పుకోవచ్చు.

ఆరింటికి ఇంకా పావుగంట ఉండగా కొట్టు యజమాని తాళంతో సిద్ధంగా ఉన్నాడు. నోట్లు అందుకుని జేబులో పెట్టుకోబోయాడు.

“రశీదండీ?” అంది పిల్ల.

“తొమ్మిదేళ్ళుగా మీ నాన్న ఎప్పుడూ అడగలేదమ్మా!”

“నేను అడుగుతున్నానుగా. డబ్బు నాది.”

యజమాని తాళం చంకలో ఇరికించుకుని, జేబులన్నీ తడిమి, ఒక పాత కవరు వెనక్కి తిప్పాడు. మెకానిక్ నవ్వాపుకోలేక చక్రంవైపు తిరిగాడు.

“సరే తల్లీ. ఎవరి పేరున రాయమంటావు, నీ పేరునా?”

“కాదండీ, నాన్న పేరునే రాయండి,” అంది పిల్ల. “కొట్టు నాన్నదేగా.”