విరిచి చూసి కొన్న దీపాలు

ఇదంతా డిసెంబర్ పదకొండు, గురువారం, పొద్దున పదీ ఇరవైకి మొదలైంది. ఆ నిమిషానికి నేనూ, పక్కింటి వదినా ఆర్మూర్‌లో లైట్ల దుకాణం మెట్లెక్కాం.

మా చర్చికి క్రిస్మస్ లైట్లు పెట్టించే పని ఎన్నో ఏళ్లుగా నాది. పోయినసారి తెల్లవారుజామున మంచు కురిసి, పాట మధ్యలో గోపురం మీది లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఈసారీ ఆరితే ఆ పని టెంట్‌హౌస్ వాళ్లకు అప్పజెప్తామని సంఘపెద్ద చెప్పాడు. కరెంటు కూడా తక్కువ కాలాలన్నాడు. డెబ్బై మూడేళ్ల దాన్ని, నాకు మిగిలిన పదవి అదొక్కటే.

వదిన అని పిలుస్తానే గాని ఆమె మాకు చుట్టం కాదు. వాళ్లది పసుపు పండించే ఇల్లు. చర్చికి రాదు. కానీ ఆమె లేకుండా నేను బేరానికి పోను.

దుకాణదారు మొదటి తీగ వెలిగించాడు. వదిన వంగి చూసింది. మార్కెట్‌లో కుప్పలోంచి పసుపు కొమ్ము తీసి విరిచి చూసినట్టు, ఒక బల్బు పట్టుకుని టక్కున విరిచేసింది. తీగంతా చీకటి.

"అయ్యో పెద్దమ్మా! ఏం జేస్తున్నవ్?" దుకాణదారు ఉరికొచ్చి ప్లగ్గు పీకాడు.

"ఇరవకుంట సరుకెట్ల తెలుస్తది బిడ్డా?"

"గిది పసుపు కాదు, కరెంటు!"

"గందుకే గింత జల్ది సచ్చింది."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే అర్థమైంది. పోయినేడు గోపురం మీద జరిగిందీ ఇదే, ఒక్కటి పోతే అన్నీ పోయే తీగ.

"వదినె, ఇంకోటి ఇరువు," అన్నాను. "గీసారి స్విచ్ బందు చేసినంక."

"ఇరిచినయన్నీ మీరే కొనాలె!"

"కొంటం తియ్యి," అంది వదిన.

రెండోదాంట్లో సగం ఆరిపోయింది. మూడోది లావుపాటి నల్ల తీగ. ప్రతి బల్బుకూ వేరే హోల్డరు, నీళ్లు దిగకుండా రబ్బరు. బల్బుకు అర వాటు. మాకు కావలసిన ఎనభైకి నలభై వాట్లు, అంటే పాతకాలపు బల్బు ఒక్కటి తాగే కరెంటు.

"గిది ఇప్పి చూపిస్త, ఇరగ్గొట్టకుర్రి," దుకాణదారు దండం పెట్టాడు.

"ఇప్పితే ఇరిచినట్లయితదా?"

ప్లాస్టిక్ బల్బు, చేత్తో విరగలేదు. తలుపు సందున పెట్టి ఇద్దరం భుజాలతో నెట్టాం. ఠప్! వదిన గాజులు కూడా రాలాయి. దుకాణదారు కళ్లు మూసుకుని స్విచ్ వేశాడు.

ఒక్కటి తప్ప అన్నీ వెలిగాయి!

చేతులు పట్టుకుని ఇద్దరం దుకాణం మధ్యలో గిర్రున తిరిగాం. దుకాణం ముందు మోర్తాడ్ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు ఎందుకో తెలియకుండానే మాతో పాటు నవ్వారు. చివరికి దుకాణదారు కూడా నవ్వాడు.

క్రిస్మస్ పొద్దున నాలుగున్నర ఆరాధనకు మంచు దట్టంగా పడింది. ఎదుటి మనిషి కనబడలేదు, గోపురం కనబడింది. పాట మధ్యలో రెండు బల్బులు పోయాయి, మిగతావి వాటిని పట్టించుకోలేదు. సంఘపెద్ద పైకి చూసి, "అమ్మా, వచ్చే ఏడు గూడ మీరే చూసుకోవాలె," అన్నాడు. గేటు బయట నిలబడ్డ వదిన, "నేను ఇరవబట్టి!" అని అందరికీ వినబడేటట్టు అంది.

పోయినవి: దుకాణంలో మూడు బల్బులు, గోపురం మీద రెండు. వదిన గాజులు నాలుగు. నా కుడి చెప్పు, గిర్రున తిరిగినప్పుడు తెగింది.