కుండీలు మోసేవాడి పరీక్ష

మొన్న ఆదివారం అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళోని మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, కింద హాల్లో అందరం భోజనాలు చేస్తుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి మూలనున్న కరివేపాకు మొక్క ముందు నిలబడి దాని ఆకులకు ఫోన్ చూపించింది. ఆకులు పసుపుపచ్చగా తిరిగి రాలిపోతున్నాయి. నేను చికెన్ ముక్క పక్కకు నెట్టి, గొంతు సవరించుకుని, నా పాత ఉపన్యాసం మొదలుపెట్టబోయేంతలో ఫోనే జబ్బూ చెప్పేసింది, మందూ చెప్పేసింది. ఉపన్యాసాన్ని పెరుగన్నంతో కలిపి మింగేశాను. మన ఈడువాళ్ళకు ఇలాంటివి మింగడం ఈమధ్య బాగానే అలవాటైంది కదా.

ఆ ఉపన్యాసం నాకు ఊరికే రాలేదు. చర్చి మొత్తం కలిసి నాచేత పరీక్ష రాయిస్తే వచ్చింది.

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెబుతారు గానీ, మా లెక్కల మాస్టారిని అడిగితే బడే నన్ను మానేసిందనేవారు. ఆ తర్వాత కడియంలో మా మేనమామ నర్సరీలో చేరి నారు పోస్తూ, అంట్లు కడుతూ పెద్దవాణ్ణయ్యాను. నా భార్య నర్సు ఉద్యోగం మీద అమెరికా వస్తే ఆమె సామాన్లతో పాటు నేనూ దిగి, ఊరి బయట మొక్కలమ్మే ఒక తోటలో కుండీలు మోసే పనికి కుదిరాను. దాని యజమానురాలు, ఒక పెద్దావిడ, నేను నారు ముట్టుకునే తీరు చూసి ముచ్చటపడి, ఇక్కడి కాలేజీలో గ్రీన్‌హౌస్ సాగు మీద పరీక్ష ఒకటుంది, అది పాసైతే పెద్ద గ్రీన్‌హౌస్ నీ చేతికిస్తాను, లేకపోతే చలి ముదిరాక కుండీలు మోసేవాళ్ళకు నా దగ్గర పనుండదు అని చెప్పేసింది.

ఈ సంగతి రహస్యంగా ఉంచమని నా భార్యను బతిమాలాను. ఉంచింది, ఆదివారం దాకా. ప్రార్థన మనవులు అడిగే వేళకు లేచి నిలబడి, "మా ఆయన పరీక్ష రాస్తున్నారండీ, అందరూ భారంతో ప్రార్థించండి" అనేసింది. ఇక చూసుకోండి, పెద్ద పెద్ద చదువులు చదివిన సాఫ్ట్‌వేర్ బ్రదర్లందరూ నా చెయ్యి పట్టుకుని, "ప్రిపరేషన్ ఎంతవరకు వచ్చింది బ్రదర్?" అని అడగడమే. పాసైతే ముందుకెళ్ళి, దేవుడు నాకీ మేలు చేశాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. తప్పితే చెప్పకపోయినా తెలిసిపోతుంది.

పొద్దున్నే నా భార్య దోసెలు పోస్తుంటే, నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఆ ఇంగ్లీషు పుస్తకం తెరిచి నన్ను ప్రశ్నలడిగేది. జవాబు తప్పితే నా దోసె దాని ప్లేటులో పడేది.

"డాడీ, ఫోకస్ చెయ్! వెంటిలేషన్ అంటే ఏంటి?"

"కిటికీ తియ్యడమే కదమ్మా."

"మరి బుక్‌లో టూ పేజెస్ ఎందుకుంది?"

"రాసినాయన ఇంట్లో కిటికీ బిగుసుకుపోయిందేమో."

ఆ దోసె కూడా పోయింది. ఆ రోజుల్లో మా అమ్మాయి బాగా బొద్దయింది.

రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది గానీ, అసలు కథ చేసి చూపించే పరీక్షలో జరిగింది. చలి మొదలైన రోజులు, ఎండ అప్పుడప్పుడే గ్రీన్‌హౌస్ మీద పడుతోంది. ఈ పూట మొదట ఏం చేస్తావో చెయ్యి అన్నాడు పరీక్ష పెట్టే ఆయన. పైన నీడ పరదా, దానికో తాడు కనిపించాయి. కడియంలో ఎండ మొహం చూపించిందంటే, మేనమామ కేకేయకముందే పచ్చ వల లాగెయ్యాలి, లేకపోతే నారు మాడిపోతుంది. నేను ఒక్క ఊపులో పరదా లాగి, లోపలంతా మబ్బు పట్టినట్టు చేసి, చేతులు దులుపుకుని, శభాష్ అంటాడేమోనని ఆయన వంక చూశాను. ఆయన చలికి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. అక్కడ మొక్కల్ని కప్పేది ఎండ తగలకుండా, ఇక్కడ గాజు కప్పేది దొరికిన కాస్త ఎండ వెచ్చదనమూ జారిపోకుండా. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది ఆ ముక్క. మొదటి పేజీ నాకు తెలుసులేమ్మా అని మా అమ్మాయి చేత రెండో పేజీ నుంచి మొదలుపెట్టించాను.

మళ్ళీ పరీక్ష పెట్టేదాకా ఆగుతాను, ఆపైన ఆగను అంది పెద్దావిడ. ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఏమీ కనుక్కోకుండానే నన్ను సాక్ష్యానికి పిలిచారు. మైకు పట్టుకుని, "మీ ప్రార్థనలు ప్రభువు విన్నాడండీ, పరీక్ష పెట్టినాయనే వినలేదు" అన్నాను. పరదా సంగతి చెప్పేసరికి ముందువరసలో పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఒక సాఫ్ట్‌వేర్ బ్రదర్ లేచి, "నేను డ్రైవింగ్ టెస్ట్ ఎన్నిసార్లు ఫెయిలయ్యానో మా ఆవిడకి కూడా తెలీదు బ్రదర్" అన్నాడు. "ఇప్పుడు తెలిసింది, కూర్చోండి" అంది పక్కనున్న ఆవిడ. ఆ నవ్వులకు ఆ రోజు కానుకల పళ్ళెం తిప్పడం మరిచిపోయారు.

అప్పట్నుంచి భోజనాల బల్లే నా ట్యూషన్ అయింది. ఒకరు ప్రశ్నలడుగుతారు, ఒకరు జవాబు తప్పని నవ్వుతారు, ఇంకొకరు చలికి వాడిన కరివేపాకు మొక్కను శాలువాలో చుట్టి కారులో తెచ్చి, "అన్నయ్యా, ముందు దీన్ని పాస్ చేయించండి" అంటారు. రెండోసారి పరీక్షలోనూ అదే ఎండ, అదే తాడు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. చర్చి మొత్తం ఒక్కసారిగా కేకేసినట్టనిపించి, దాన్ని జేబులో దోపుకుని, థర్మామీటర్ చూసి, పరదా జోలికి పోనండీ, ఎండ రానిద్దాం అన్నాను. ఆయన కోటు గుండీలు విప్పుకున్నాడు.

పాసయ్యాను, మోకాళ్ళు మొరాయించేదాకా పెద్దావిడ తోటలోని పెద్ద గ్రీన్‌హౌస్ నా చేతిలోనే ఉంది. ఆదివారాల్లో జనం ఎండుటాకొకటి పట్టుకుని నా పక్కన కూర్చునేవారు. ఆకు సంగతి క్షణంలో తేలిపోయేది, ఆ తర్వాత అత్తగారి సంగతి, వీసా సంగతి, పిల్లల సంగతి సాయంత్రం దాకా సాగేవి. ఫోన్ ఆకు సంగతి దగ్గరే ఆగిపోతుంది.

మొన్నటి అమ్మాయి ఫోన్ చెప్పింది చదువుకుని, ఎండ చాలట్లేదట, కిటికీ దగ్గర పెట్టాలట అంటూ చుట్టూ చూసింది. "అంకుల్, ఇది చాలా హెవీగా ఉంది, కొంచెం హెల్ప్ చేస్తారా?" అంది. ఎత్తి మోశాను. ఈ పని తప్పించుకోవడానికే తల్లీ నేను పరీక్ష రాసింది అన్నాను ఆయాసపడుతూ.

"ఏ ఎగ్జామ్ అంకుల్?" అంది, ఇంతలో ఎవరో ఫొటోకి పిలిస్తే పరిగెత్తింది.

కుండీ పక్కనే కాసేపు ఎండలో నిలబడ్డాను. ఎవరికీ చెప్పొద్దని ఒకప్పుడు అంత బతిమాలినా దాగని సంగతి, ఇప్పుడు ఎవరూ బతిమాలకుండానే రహస్యమైపోయింది.