కొలతలక్క నోట చిక్కిన దారం

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవారు లేరు. అందరికీ ఆమె కొలతలక్క. ఎవరైనా పాత చొక్కానో గౌనునో ఆదిగా తెచ్చి, దాని ప్రకారం కుట్టమంటే, మడత కూడా విప్పకుండా వెనక్కి ఇచ్చేది. "నేను గుడ్డకు కుట్టనండీ, ఒంటికి కుడతాను. మనిషిని పంపండి" అనేది. ఇరవై రెండేళ్ళ వృత్తిలో ఆ నియమాన్ని ఒక వ్రతంలా పాటించింది. మెడకు టేపు చుట్టి, భుజం మీద రెండు వేళ్ళు ఆనించి, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి ఆమె తీసిన కొలత పావు అంగుళమైనా తప్పిందని ఎవరూ అనలేదు.

నలభై మూడో ఏట ఆమె పళ్ళకు క్లిప్పులు వేయించుకుంది. చిన్ననాటి నుంచీ ముందుపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండడం వల్ల, నవ్వు వస్తే చాలు, ఆమె చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం వెళ్ళేది. పదహారేళ్ళ కూతురిదీ అదే పలువరస. పిల్లను దంతవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు, ఆవిడ పిల్ల నోరు చూసి, తల్లి వైపు తిరిగి, "ఇద్దరివీ ఒకే అచ్చు. మీరూ వేయించుకోకూడదా అక్కా?" అంది. కొలతలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాదని మాత్రం అనలేదు.

క్లిప్పులు అమర్చిన నాడు డాక్టరు ఇద్దర్నీ అద్దం ముందు కూర్చోబెట్టి శుభ్రపరచుకునే విధానం చూపించింది. తిన్న ప్రతిసారీ తోముకోవాలి. బ్రష్షును క్లిప్పుల తీగకు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి ఏటవాలుగా పట్టాలి. తీగకూ పంటికీ నడుమ సన్నని కుచ్చు బ్రష్షు తిప్పాలి. చివరగా, మొన గట్టిగా ఉండే ప్రత్యేకమైన దారాన్ని తీగ కిందనుంచి దూర్చి, పళ్ళ సందుల్లో మెల్లగా ఆడించాలి.

కూతురు రెప్ప వేయకుండా చూసింది. తల్లి దారం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. దారం దూర్చడం తనకు ఒకరు నేర్పాలా? డాక్టరు ఇచ్చిన చిన్న డబ్బాను సంచీ అడుగున పడేసి, ఇంటికి రాగానే కుట్టుమిషను మీద ఏ రీలు ఉంటే ఆ రీలు నుంచి జానెడు తెంపింది. సూదికి ఎక్కించి, సూదిని తిరగేసి పట్టుకుని, ఒక్క ఊపులో తీగ కిందనుంచి బయటికి లాగింది.

"అమ్మా, అది కుట్టుదారం. డాక్టరిచ్చింది వాడు."

"ఏమే, దారం సంగతి నువ్వు నాకు చెబుతున్నావా? ముందు నీ పళ్ళు చూసుకో."

గుడ్డను పట్టి ఉంచడానికి పేనిన దారం క్లిప్పు అంచుకు రాసుకుంటే పోగులు పోగులుగా విడిపోతుంది. తెగిన ప్రతి పోగూ లోపలే చిక్కుకుంటుంది. చిక్కుకున్న ప్రతి పోగూ ఒక మెతుకును పట్టుకుంటుంది. ఆమెకది కనబడలేదు. పైగా అది బడులు తెరిచే కాలం, చేతినిండా బడిబట్టలు. మిషను పక్కనే నాలుగు ముద్దలు తిని, పుక్కిలించి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టేది. తిన్న ప్రతిసారీ తోముకోవాలన్న నియమం కూతురికే మిగిలింది. సాయంత్రం కాగానే పిల్లను కిటికీ వెలుగులో నిలబెట్టి, "ఆ అను. ఇంకా పెద్దగా. ఇదేమిటీ, ఇక్కడ పాచి? పందుల దొడ్డి నయం" అని దులిపేది. డాక్టరు నెలనెలా రమ్మన్న తేదీలకు పిల్లను ఒక్కదాన్నే పంపింది.

ఒకనాడు లెక్కల టీచరు వచ్చింది. పదిహేనేళ్ళుగా ఆవిడ బట్టలన్నీ కొలతలక్కే కుట్టింది. ఇంకో నెలలో ఉద్యోగ విరమణ. ఆనాటి సభకు నల్లకోటు కావాలి. కొలతలక్క టేపు తీసి భుజం మీద ఆనించింది. కుడిభుజం మునుపటికంటే జారి ఉన్నట్టు వేళ్ళకు తెలిసింది. "అయ్యో టీచరుగారూ, ఈ భుజమేమిటి..." అంటుండగానే ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"జలుబమ్మాయ్. ఇవాళ్టికి కొలతలొద్దులే. పాత కోటు పంపిస్తాను, దాని ఆదికి కుట్టెయ్."

కొలతలక్క టేపు చుట్టి పక్కన పెట్టింది. మర్నాడు పాత కోటు వచ్చింది. ఆ వారంలోనే బస్సు డ్రైవరు చొక్కాకు ఆది వచ్చింది. పక్కవీధి నర్సు తన గౌను పంపింది, మనిషి రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, ఆమె బల్ల మీద ఆదిబట్టలు మూడు చేరాయి. తన చేతిపని మీద వీళ్ళకు నమ్మకం చెడిందని ఆమె లోలోపల ఉడికిపోయింది. ఆ ఉడుకులోనే టీచరు కోటు కోసింది. భుజం మారిందని తెలిసీ పాత కోటు భుజమే గీసి, కత్తెర ఆడించింది. వేసుకున్నాక తెలుస్తుందిలే ఆవిడకి, అనుకుంది.

కోటు పూర్తయిన సాయంత్రం కూతుర్ని ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి పిలిచింది. పిల్ల నోరు తెరిచింది.

"ఛీ, ఏమిటే ఈ కంపు? తోముకుంటున్నావా, ఉత్తుత్తినే బ్రష్షు తడిపి పెడుతున్నావా?"

పిల్ల నోరు మూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. "అమ్మా, నన్ను తిట్టకు. ఆ వాసన నాది కాదు."

"మరెవరిదే?"

పిల్ల మళ్ళీ దగ్గరికి వచ్చింది. అరచెయ్యి ఎత్తి తల్లి నోటికీ ముక్కుకీ ఎదురుగా పట్టింది. "ఊదు."

కొలతలక్క ఊదింది. టీచరు రుమాలు, డ్రైవరు చొక్కా, నర్సు గౌను ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకు వచ్చి నిలిచాయి.

మరునాడు దంతవైద్యురాలి కుర్చీలో వెల్లకిలా పడుకుని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరు సన్నని పట్టకారుతో ఒక్కొక్క పోగూ లాగి తెల్లని దూది మీద పరుస్తోంది.

"నీలం. ఇదేమో ఖాకీ. ఇదిగో నల్లది. అక్కా, దుకాణం వీధిలో పెట్టారా, నోట్లో పెట్టారా?"

పక్కనున్న సహాయకురాలు కిసుక్కున నవ్వింది. కూతురు నవ్వలేదు. కొలతలక్క కళ్ళు తెరిచి దూది వైపు చూసింది. నీలం బడి పిల్లల లాగులది. ఖాకీ డ్రైవరు చొక్కాది. నల్లది టీచరు కోటుది.

"ఇక్కడ పంటి మీద తెల్లమచ్చ పడింది, చూడండి. ఇది పోదు. పెరగకుండా మాత్రం మనం కాపాడుకోవచ్చు" అంది డాక్టరు, ఈసారి నవ్వకుండా. "నేను చూపించిన రోజు మీరు వినలేదా?"

"విన్నానమ్మా," అంది ఆమె. "నాకు తెలుసనుకున్నాను."

శౌచం బాహ్యమనీ ఆంతరమనీ రెండు విధాలని పెద్దలు చెబుతారు. మొదటిదానికి నీరు చాలు. రెండవదానికి ఏ నీరు చాలుతుందో ఆ మధ్యాహ్నం ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆమెకు తోచలేదు. అద్దం ముందు నిలబడి, డబ్బాలోని దారం తీసి, "ఎలాగో ఇంకోసారి చూపించవే" అని కూతుర్ని అడిగింది. పిల్ల దారం మొనను తీగ కిందికి పోనిచ్చి, "లాగకు, మెల్లగా" అంది. తల్లి తలూపింది. పళ్ళన్నీ పూర్తయ్యేసరికి అరగంట పట్టింది.

పూర్తయ్యాక కూడా గోడకు వేలాడుతున్న నల్లకోటును చూసే ధైర్యం ఆమెకు కలగలేదు. నోటి మలినం ఎరగక చేరింది. ఆ భుజం మాత్రం ఎరిగి కోసింది. సభ ఎల్లుండే. కొంగులో టేపు ముడివేసుకుని, కోటు మడిచి, టీచరు ఇంటికి వెళ్ళింది.

టీచరు కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంది. కుడివైపు భుజం కిందికి జారి, చేతి అంచు వేళ్ళను కప్పింది.

"ముసలిదాన్నయిపోయాను కదూ," అని ఆవిడ నవ్వబోయింది.

"కాదండీ. మీ భుజం మారిందని నాకా రోజే తెలుసు. తెలిసే పాత లెక్కన కోశాను. మీరు కొలతలివ్వలేదని ఉక్రోషం." కొలతలక్క తల ఎత్తలేదు. "ఎందుకివ్వలేదో నిన్ననే తెలిసింది."

టీచరు కోటు గుండీ సవరించుకుంది. "ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు మొహమ్మీదే దిద్దానమ్మాయ్. నీ దగ్గర నోరు పెగల్లేదు. జలుబని అబద్ధమాడాను. కూర్చో, టీ తాగుదువుగాని."

టీ తాగాక కొలతలక్క లేచి, "తోముకోవాలండీ, తిన్నా తాగినా" అని చెప్పి, వసారాలోని తొట్టి దగ్గరికి వెళ్ళింది. సంచీలోంచి బ్రష్షు తీసింది. తలుపు మూసుకుందామనుకుని, మూయలేదు. టీచరు చూస్తుండగానే తీగ పైనా కిందా తోమి, కుచ్చు బ్రష్షు తిప్పి, దారం దూర్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

తిరిగి వచ్చి టేపు విప్పింది. "భుజం లోపలికి తీస్తే చంక బిగుస్తుంది, అక్కడ కుట్టు పక్కన గుడ్డ వదిలే ఉంచానండీ. సరిచేయొచ్చు." కోపంలో కత్తెర ఆడించిన చెయ్యే ఆ గుడ్డ ఎందుకు వదిలిందో ఆమెకే తెలియదు.

దగ్గరికి వెళ్ళి భుజం మీద రెండు వేళ్ళు ఆనించింది. టేపు జారుతోంది. అంకె నిలవడం లేదు.

"ఊపిరి బిగబట్టావేమిటే?" అంది టీచరు, మొహం తిప్పకుండా. "వదులు. లేకపోతే ఈ లెక్కా తప్పుతుంది."

కొలతలక్క మెల్లగా ఊపిరి వదిలింది. తల వంచుకునే, ఎడమ ఏడుంపావు, కుడి ఆరు ముప్పావు అని రాసుకుంది. రాసుకున్నాక మళ్ళీ ఒకసారి కొలిచింది.