వాగు అవతల రేకుల షెడ్డు

ఆవిడ నాకు సొంత వదిన కాదు. ఇద్దరం ఒకే ఏడు ఈ ఊరికి కాపురానికొచ్చాం, వరస కలిపి పిలుచుకోవడం అలవాటైంది. మిరపకోతలకు పక్కపక్క సాళ్ళలో దిగేవాళ్ళం. ఆదివారం మా చర్చి గుడిలోనూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళం.

వదినవాళ్ళ పేట వాగు అవతల. ఒక వానాకాలంలో ఆ పేటవాళ్ళంతా గుడికి రావడం మానేశారు. అక్కడే రేకుల షెడ్డు వేసుకుని ఆరాధన మొదలుపెట్టారు. మా సంఘ పెద్దలు మండిపడ్డారు. "మనం పనికిరాకనేగా వేరుకుంపటి పెట్టింది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. సంతలో వదిన ఎదురైతే తల తిప్పుకున్నాను. రెండోసారి ఆవిడే తిప్పుకుంది.

మరుసటేడు మా ఆయన పోయాడు. అవతలివాళ్ళు వచ్చి, వెనకాల నిలబడి, గుప్పెడు మట్టి వేసి వెళ్ళారట. వదిన వచ్చిందో లేదో నేను తలెత్తి చూడలేదు. ఆ తర్వాత ఇంట్లో మాట వినపడక, ఫోన్లో ఏదో కంపెనీ ప్రకటన వచ్చినా చివరిదాకా వింటూ కూర్చునేదాన్ని.

శుక్రవారం స్త్రీల కూటంలో వాక్యం చెప్పేది నేనే. ఒక వారం పాత నిబంధనలో యొర్దాను నది ఒడ్డున బలిపీఠం కట్టిన అవతలి గోత్రాల సంగతి తీశాను. అది తిరుగుబాటని మిగతా గోత్రాలవాళ్ళు యుద్ధానికి లేచారు. అయినా ముందు మనుషుల్ని పంపి, ఎందుకు కట్టారని అడిగించారు. రేపు మీ పిల్లలు మా పిల్లలతో 'దేవుడిలో మీకు భాగం లేదు' అంటారేమోనన్న భయంతో గుర్తుగా కట్టుకున్నామని వాళ్ళు చెప్పారు. యుద్ధం ఆగిపోయింది. ఎన్నోసార్లు చదివిందే. అడిగించారన్న చోట మాత్రం ఆ రోజు ముందుకు పోలేకపోయాను. మేమెవ్వరమూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే వాగు మీది చప్టా దాటి వెళ్ళాను. వదిన మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతోంది.

"ఏం, దారి తప్పి వచ్చావా?" అంది, లేవకుండానే.

"ఒక మాట అడుగుదామని వచ్చా వదినా. ఆ షెడ్డు ఎందుకు కట్టారు?"

చేతిలో కాయ పక్కకి విసిరింది. "ఇన్నాళ్ళకి అడిగావా? ఆ ఏడు చప్టా మీద నడుంలోతు నీళ్ళు. మా అత్త మంచంలో పడి ప్రార్థన కావాలని ఒకటే ఏడుపు. నాలుగు ఆదివారాలు మేం రాలేదు. ఉన్నామో పోయామో ఒక్కళ్ళన్నా కనుక్కున్నారా? ముసలోళ్ళ కోసం నాలుగు రేకులేసుకున్నాం. నీళ్ళు తీశాక మళ్ళీ మీ దగ్గరికే వద్దామనుకున్నాం. ఈలోగా మా పేర్లు కొట్టేసి, గుడి తలుపుకి కాగితం అంటించారు."

"ఆ కాగితం రాసింది నేనే వదినా. పెద్దలు చెప్పారు, రాశాను."

"తెలుసు. నీ దస్తూరి నాకు తెలీదా?"

పక్కన కూర్చుని కాయలు ఏరాను. ఎండెక్కాక ఆవిడే మజ్జిగ తెచ్చిచ్చింది.

తర్వాతి శుక్రవారం కూటంలో ఇదంతా చెప్పాను, నా రాత సంగతితో సహా. "వాక్యం వరకే చెప్పండమ్మా, ఊళ్ళో సంగతులు మనకెందుకు" అన్నారు ఒక పెద్దాయన బయట నిలబడి. ఆ పై వారం నుంచి వాక్యం ఇంకొకరికి అప్పజెప్పారు.

ఇప్పుడు నెలకో ఆదివారం అవతలికి వెళ్తున్నాను. నాతో ఎవరూ రారు. ఇక్కడ నన్ను అవతలి మనిషంటారు, అక్కడ ఇవతలి మనిషంటారు. మొన్న వెళ్ళేసరికి వదినకి జ్వరం, షెడ్డుకి రాలేదు. చివరి వరసలో కూర్చుని పాటలు పాడాను. ఆరాధన అయ్యాక వాళ్ళింటికెళ్ళి గంజి కాచి తాగించి, ఒక్కదాన్నే ఇంటికొచ్చాను.