ఆదివారం దాకా ఆగని మేస్త్రి

మేస్త్రి పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో చింతపండు బస్తాలు ఎంచుతున్నాను. "నాయన పోయినాడన్నా. టీ తాగి గోడకు ఆనుకోని కూర్చున్నోడు అట్లే ఉండిపోయినాడు" అంది. "వస్తా ఉండానమ్మా" అన్నాను. అంతకుమించి మాట రాలేదు. నాకు ఎప్పుడూ రాదు. ఆ పూట చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆండర్సన్‌పేటలో మా వీధి మొత్తం ఆయనను మేస్త్రి అనే పిలిచేది. బంగారు గనిలో టింబర్ మేస్త్రి. తవ్వుకుంటూ పోయిన చోట పైనున్న రాయి కూలకుండా కొయ్య గుంజలు నిలిపే జట్టుకు పెద్ద. గని మూతపడి ఇన్నేళ్లయినా ఆ పని ఆయన చేతిని వదల్లేదు. ఎవరింటికి వెళ్లినా గడప దగ్గర ఆగి, ద్వారబంధాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, తల వంచి వినేవారు. గని లోపల ఇనుప కడ్డీతో పైరాయిని అలాగే కొట్టి వినేవారట. గట్టి రాయి గంటలా పలుకుతుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. నా పెళ్లిలో ముహూర్తం దగ్గరపడుతుంటే కల్యాణ మంటపం స్తంభాన్ని కూడా కొట్టి చూసి, "ఏం ఫరవాలేదప్పా, తాళి కట్టుకో" అన్నారు. పురోహితుడు కూడా నవ్వాడు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కిరాణా హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను. పొట్లాలు కట్టే పాత ఇంగ్లీషు పేపర్లు చదువుతూ ఆ భాష కొంత నేర్చుకున్నాను. అందుకని వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. మేస్త్రి మాత్రం ఒకరోజు సాయంత్రం ఉత్త చేతులతో వచ్చారు. ద్వారబంధం కొట్టారు, కూర్చున్నారు, ఊపిరి కుదుటపడేదాకా ఆగారు.

"అప్పా, రోము పోయి రావాలంటే ఎంతవుతాది?"

"పోప్‌ను చూడాలనా మేస్త్రీ?"

"పోపు ఉంటే ఉండనీలే. ఆడొక రూఫు ఉండాది. దాన్ని చూడల్ల."

ఆయన కుర్రతనంలో గని సర్వేయరు ఒకాయన చెప్పాడట. రోము నగరంలో ఒక పాతకాలపు గుడి ఉంది, గుండ్రటి గది, నూట నలభై అడుగుల ఎత్తు, పైన అర్ధగోళంలా కప్పు. నడుమ ఒక్క స్తంభం లేదు. దాదాపు రెండు వేల ఏళ్లుగా నిలబడి ఉంది. పైగా ఆ కప్పుకు నట్టనడుమ పెద్ద రంధ్రం.

"నేను నమ్మలేదప్పా. గుంజ లేకుండా రూఫు యాడ నిలబడతాది? ఇంగ నడాన బొక్క పెట్టినాక ఎట్ల నిలబడతాది? యాభై ఏండ్లుగా తలలో తిరగతా ఉండాది. ఊపిరి ఉండంగానే పోయి చూడల్ల."

ఆయన ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే. అది మాకందరికీ తెలుసు. రోజూ బంగారుపేటకు రైల్లో పోయి టీచరు పని చేసి వచ్చే కూతురికి ఇంకా బాగా తెలుసు. సంగతి వినగానే సాయంత్రం రైలు దిగి నేరుగా నా మీదికి వచ్చింది.

"ఏమన్నా, నువ్వూ చేరినావా? చర్చికి పోయేదానికే దోవలో నాలుగు తూర్లు కూర్చుంటాడు. రోము పోతాడంట!"

"కూర్చోని కూర్చోనే పోతానమ్మా" అన్నారు మేస్త్రి. "రెండు వేల ఏండ్లు నిలబడింది, నేను పోయేదాకా నిలబడదా?"

"అది నిలబడతాది నాయనా. నువ్వు నిలబడల్ల గదా!"

వారం రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. ఎనిమిదో రోజు ఆమే దిగివచ్చింది. డాక్టరు ఒప్పుకోవాలి, ఒంటరిగా పోకూడదు అని రెండు షరతులు పెట్టింది. రెండోది మేస్త్రికి షరతే కాదు. గనిలో ఎవరూ ఒంటరిగా పనిచోటికి పోరు. ఎప్పుడూ ఇద్దరు. రెండోవాణ్ణి 'జత' అంటారు. ఆయన నా వైపు చూసి, "నువ్వే నా జత" అన్నారు. నేను బెంగళూరు దాటి ఎరగను. చీటీ పాడి నా టికెట్టు డబ్బు తెచ్చుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఆయన అడిగిన తీరు అలాంటిది.

ఆ తర్వాత ఏడాది పాటు సాయంత్రాలన్నీ మాకు రోమే. రోజువారీ లెక్కలు రాసుకునే పుస్తకాన్ని తిరగేసి, వెనకనుంచి రోము రాయడం మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో విమానం చవక, జనం తక్కువ. హోటలు మా వల్ల కాదు. చర్చి ఫాదర్ ఉత్తరం రాసి పెడితే అక్కడి కన్యాస్త్రీల మఠంలో రెండు మంచాల గది దొరికింది. బస్సుకూ మెట్రోకూ కలిపి వారం పాసు ఒకటి ఉంది. వీధి కుళాయిల్లో మంచినీళ్లు ఉచితం. రాగిపిండి, శనక్కాయల పొడి మేమే తీసుకుపోతాం. వీసా కోసం బెంగళూరు వెళ్లినప్పుడు కౌంటర్లో ఉన్నామె "యాత్ర ఉద్దేశం?" అని అడిగితే మేస్త్రి వేలు పైకెత్తి సీలింగు చూపించారు.

కానీ నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఇవేవీ కావు. ఆయన తన ఊపిరిని కొలుచుకున్న తీరు. రోజూ ఉదయం బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్క రోడ్డు మీద నడిచేవాళ్లం. ఎనభై అడుగులు వేయగానే ఊపిరి ఆడేది కాదు. ఆగి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, మళ్లీ ఎనభై. ఆ ఎనభై అడుగుల దూరాన్ని ఆయన 'నిలుపు' అన్నారు. రోములో ప్రతి దూరాన్నీ ఫోన్ మ్యాపులో చూసి నిలుపుల్లోకి మార్చమన్నారు. ఫలానా కోట, బస్సు దిగి పద్నాలుగు నిలుపులు, వద్దు. ఫలానా చర్చి, మూడు నిలుపులు, సరే. ఆ గుడికి ఆరు. రోజును షిఫ్టులుగా కూడా విడగొట్టారు. ఫస్ట్ షిఫ్టు చూడటం, సెకండ్ షిఫ్టు పడుకోవడం. "థర్డ్ షిఫ్టు లేదప్పా, సిస్టర్లు తలుపు మూసేస్తారు." రోము నగరాన్ని కాళ్లతో, డబ్బుతో కొలిచినవాళ్లు ఎందరో ఉంటారు. ఊపిరితో కొలిచిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

ఆ పథకంలో నాదంటూ ఒక తెలివి ఉంది. నెలలో మొదటి ఆదివారం ఆ గుడికి టికెట్టు లేదని చదివాను. మిగతా రోజుల్లో ఉంది. అందుకని మా వారం సరిగ్గా మొదటి ఆదివారంతో ముగిసేలా తేదీలు కుదిర్చాను. ఆఖరి రోజు, ఊరికే, ఆయన కోరుకున్నది చూసి విమానం ఎక్కుతాం. పుస్తకంలో ఆ లైను కింద రెండు గీతలు గీశాను. మేస్త్రి చూసి "మంచి లెక్క" అన్నారు.

సోమవారం దిగాం. ఆ ఊరిని నేను వర్ణించలేను. ఎటు తిరిగినా మన తాతల తాతలకంటే పాతగోడ. దాని పక్కనే ఎవరో ఉతికిన చొక్కా ఆరేసి ఉంటుంది. మేస్త్రి ప్రతి గోడనూ కర్రతో మెల్లగా కొట్టి వినేవారు. "మంచి రాయి." "ఇది తర్వాతెప్పుడో అతికించినారు." కూలిపోయిన కప్పులు కనిపించినచోట మాత్రం ఆగకుండా ముందుకు నడిచేవారు.

బుధవారం చలిగాలి లేచింది. గురువారం ఆయన మంచం దిగలేదు. ఛాతీలోంచి ఈల లాంటి చప్పుడు. మఠం వంటగదిలో ఉండే మలయాళీ సిస్టరు వేడినీళ్ల ఆవిరి పట్టింది, మా రాగిపిండితో జావ కాచింది. కూతురు ఫోన్ చేసి "ఎట్లుండాడన్నా?" అంటే "బాగుండారమ్మా" అన్నాను. ఆ అబద్ధం చెప్పి కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టుకున్నాను. శుక్రవారం, శనివారం, ఆదివారం. ఇంకా మూడు రోజులు.

శుక్రవారం పొద్దున లేచేసరికి వాన. మేస్త్రి మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు.

"పదప్పా. ఈ పొద్దే పోదాం."

"వాన మేస్త్రీ. ఎల్లుండి ఆదివారం. ఆ రోజు ఫ్రీ."

"ఆదివారానికి నేను లేకపోతే ఫ్రీ ఎవురికప్పా?"

నేను గొడుగు తీసుకున్నాను.

ఆరు నిలుపులనుకున్నవి పదకొండయ్యాయి. చివరి నిలుపు ఆ గుడి ముందున్న రాతి స్తంభాల దగ్గర. ఆయన ఒక స్తంభాన్ని కర్రతో కొట్టారు. విన్నారు. లోపలికి నడిచాం.

నా జీవితంలో అంత పెద్ద ఖాళీని నేను చూడలేదు. తలెత్తితే గుండ్రటి కప్పు. దాని మీద చదరపు గుంటలు వరుసవరుసలుగా, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ. అన్నిటికీ పైన ఆకాశం, ఒక పెద్ద పళ్లెమంత. ఆ రంధ్రంలోంచి వాన లోపలికే కురుస్తోంది. తడిసిన నేల చుట్టూ తాడు కట్టారు. నీళ్లు నేలమీదున్న చిన్న చిన్న కన్నాల్లోకి ఇంకిపోతున్నాయి. జనం ఆ తాడు చుట్టూ నిలబడి, ఇంటి లోపల కురిసే వానను చూస్తున్నారు.

మేస్త్రి గోడ దగ్గరికి వెళ్లి కర్రతో కొట్టారు. కాపలాదారు పరుగున వచ్చి ఏదో గద్దించాడు. నేను కంగారుగా, వచ్చీరాని ఇంగ్లీషులో, "మైన్... రూఫ్ మ్యాన్" అని చేతులతో గుంజ నిలిపినట్లు చూపించాను. అతను ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, ఒక బెంచీ చూపించాడు. కూర్చున్నాం. చాలాసేపు ఆయన తల దించలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. ఈల చప్పుడు కూడా తగ్గింది.

"కట్టినోనికి భయముండింది చూడప్పా" అన్నారు చివరికి. "పైకి పోయేకొద్దీ బరువు తీసేసుకుంటా పోయినాడు. ఆ గుంటలన్నీ అందుకే. నడానికి వచ్చేసరికి, ఈడ నిలబడదు అనుకున్నాడు. నిలబడనిచోట నిలబెట్టలేదు. వదిలేసినాడు."

మేస్త్రి కర్ర మీద రెండు చేతులూ ఆనించారు.

"నాకప్పుడు ఇరవైనాలుగు. ఒక పొద్దు రూఫు డొల్లగా పలికింది. నేనూ విన్నాను, నా జతా విన్నాడు. పైవాళ్లు గుంజ పెట్టమన్నారు, పెట్టినాను. గట్టిగానే పెట్టినాను. రెండు గంటలకు ఎయిర్ బ్లాస్టు. పైబరువుకు రాయి దానంతటదే పగిలింది. నేను ఇంగో గుంజ తెచ్చేదానికి ఇవతలికి వచ్చినాను. వాడు ఆడనే, రాతి కింద ఉండిపోయినాడు." మళ్లీ తలెత్తి ఆ రంధ్రం వైపు చూశారు. "యాభై ఏండ్లుగా నా గుంజది తప్పా అని చూసుకుంటా ఉండాను. గుంజది కాదప్పా. అది వదిలేయాల్సిన తావు."

కళ్లు తుడుచుకోలేదు. తడి లేదు. తాడు దగ్గరికి వెళ్లి, దాని మీదుగా అరచేయి చాచి పట్టుకున్నారు. చేతిలో వాన నిండింది. తిరిగి వచ్చి "పద, టీ యాడ దొరుకుతాదో చూడు. ఈళ్లు పాలు పోస్తారో లేదో" అన్నారు.

ఆదివారం విమానాశ్రయానికి పోతూ ఆ గుడి వీధిగుండా వెళ్లాం. ఉచితం కదా, జనం గుడి ముందున్న మైదానం చుట్టూ రెండు వరుసలు తిరిగి నిలబడి ఉన్నారు. గంటలు పడుతుంది. ఆయన పది నిమిషాలు కూడా నిలబడలేరు. నా లెక్కలో ఉచితం అన్నది ఉంది, ఆ వరుస లేదు. ఏడాది కూర్చుని వేసిన పథకంలో ఆ ఒక్క పొరపాటు మొత్తం యాత్రను మింగేసేది. మేస్త్రి బస్సు కిటికీలోంచి ఆ వరుసను చూసి, నా మోకాలి మీద చేయి వేశారు. ఇంటికి వచ్చాక పుస్తకం తీసి, ఆ లైను కింద నేను గీసిన రెండు గీతలను కొట్టేశాను.

ఆ తర్వాత పది నెలలు ఉన్నారు. వీధిలో ఎవరైనా "రోములో ఏం చూసినారు మేస్త్రీ?" అంటే "వాన" అనేవారు. వాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. తన జత సంగతి కూతురికి ఆయన చెప్పలేదట. ఆయన ఉండగానే ఒకసారి ఆమె అడిగినప్పుడు, గుడిలో ఆయన అన్న మాటలతో సహా నేనే చెప్పాను.

ఫోన్ వచ్చిన రోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు గడప దగ్గర నా చేయి దానంతటదే లేచి ద్వారబంధాన్ని తట్టింది. సాయంత్రం సమాధుల తోటకు చేరేసరికి చినుకులు మొదలై, చూస్తుండగానే గట్టి వాన అయింది. పెట్టెను గుంతలోకి దించారు. చర్చి పెద్ద ఒకాయన "టార్పాలిన్ తీసుకురాండప్పా, నాలుగు గుంజలు నాటి కట్టండి, లోపలికి నీళ్లు పోతా ఉండాయి" అని కేకేశాడు. ఇద్దరు పరుగెత్తబోయారు.

"వద్దు, వదిలేయండి" అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం ఆ వీధివాళ్లెవరూ విని ఉండరు. అందరూ తిరిగి చూశారు.

"అన్న చెప్పినట్ల వదిలేయండి" అంది కూతురు.

గుంత చుట్టూ అందరం గుండ్రంగా నిలబడ్డాం. వాన నేరుగా లోపలికి, ఆయన మీదికి, కురుస్తూ ఉంది.